నల్లరంగు కింద

నేను ఒక పికప్ బండిని. బరువులు మోయడానికే తయారు చేశారు నన్ను. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున రెండు టన్నులెత్తినా నా నడుం వంగేది కాదు.

నా మొదటి యజమాని నిజాంపట్నం రేవులో చేపల వ్యాపారి. ఆరేళ్లు ఆయన ఐసు పెట్టెలు మోశాను. కరిగిన ఉప్పునీళ్లు సందుల్లోంచి కారి నా చాసీ మీద పడేవి. ఆయన రోజూ అద్దాలు తుడిచేవాడు, దండ వేసేవాడు, దండం పెట్టేవాడు. కిందికి మాత్రం ఒక్కనాడూ వంగి చూడలేదు. మనుషులు తమ కంటికి ఆనేంత మేరకే కడుగుతారు. బండికి వెన్నెముక లాంటి నా చాసీ లోపల్లోపలే పొరలుపొరలుగా తుప్పు పట్టిపోయింది.

ఆయన నన్ను ఒంగోలు బ్రోకరు శేషగిరికి అమ్మి చేతులు దులుపుకున్నాడు. శేషగిరి చిల్లులు పడ్డ చోటల్లా రేకుముక్కలు అతికించి, కింద దట్టంగా నల్లరంగు కొట్టించాడు. చేపల వాసన పోయేదాకా సాంబ్రాణి వేయించాడు.

అప్పుడొచ్చారు మార్కాపురం నుంచి మాలకొండయ్య, సుభాషిణి. పెళ్లయి నెల కాలేదు. బేతంచెర్ల నాపరాళ్లు తోలుకుని బతకాలని వాళ్ల ఆలోచన. మాలకొండయ్య బానెట్ మీద చెయ్యిపెట్టి, ఇంజను చల్లగా ఉందని తేల్చుకున్నాకే స్టార్ట్ చేయించాడు. పొగ రంగు చూశాడు. టైర్లలో గోరు దించాడు. సుభాషిణి కాగితం మీద రాసుకొచ్చినవాటికి ఒక్కొక్కటే టిక్కు పెట్టింది. సముద్రపు గాలి తగలని మెట్ట మనుషులు; ఉప్పు సంగతి ఆ కాగితంలో లేదు. అయినా ఆ పిల్ల కొంగు బొడ్లో దోపుకుని నా కిందికి వంగి చూసింది. గోటితో ఒక్కసారి గీకితే బాగుండునని నేను ఎంత కోరుకున్నానో!

"బావా, కింద కూడా కొత్త రంగేశారు! ఎంత నీటుగా ఉందో చూడు."

"రంగు చూసి మురిసిపోబాక. నిన్ను చూసి నేను మోసపోయింది చాలదా?"

"అయితే ఇంకో పిల్లని చూసుకో పో. బండి మాత్రం నాది."

మాలకొండయ్య నవ్వాపుకుంటూ శేషగిరి వైపు తిరిగాడు. "బయటకన్నా లక్ష తక్కువకి ఎందుకిస్తన్నావన్నా?"

"కొత్త జంట గదయ్యా. నా దీవెన అనుకో."

నాలుగు నెలలు ఆ పిల్ల నాకు కొత్త పెళ్లికూతురి వైభోగం చేసింది. కేబిన్‌కి చిలకపచ్చ తెర కట్టింది. వైపరు తిరిగితే చప్పట్లు కొట్టింది. బరువెక్కిన ప్రతిసారీ నేను కిర్రుమన్నాను. చెప్పడానికి నాకున్న నోరు అదే. అది కమాను పట్టీల చప్పుడనుకుని మాలకొండయ్య వాటికి గ్రీజు పెట్టించాడు.

నల్లమల ఘాటులో, వానలో, ఒక మలుపు దగ్గర నా అతుకులు విడిపోయాయి. నడుం విరిగింది. రాళ్లన్నీ ఒక్కసారిగా కేబిన్‌లోకి వచ్చాయి. మాలకొండయ్యకు కేక పెట్టే వ్యవధి కూడా దొరకలేదు.

గిద్దలూరు తుక్కు షాపులో ఉన్నాను ఇప్పుడు. నిన్న సుభాషిణి వచ్చింది. విరిగిన చోట వేలు పెట్టింది. నల్లరంగు కింద నుంచి తుప్పు అప్పడం ముక్కల్లా రాలింది. ఆ ముక్కలను అరచేతిలోకి తీసుకుని నలిపి చూసింది.

"అతికించి రంగేస్తే ఇంకా నడుస్తదమ్మా. మంచి రేటిస్తా," అన్నాడు షాపతను.

"తూకానికే తీసుకో. ఇప్పుడే, నా ముందరే కొయ్యి."

"సగానికి సగం నష్టపోతావ్ తల్లీ."

"కొయ్యన్నా."

గ్యాస్ మంట నా చాసీ మీద పడింది. ముక్కలను మళ్లీ ముక్కలు చేయించింది. ఆఖరిది కిందపడేదాకా అక్కడే నిలబడింది.

ఇక నన్నెవరూ ఎవరికీ చవగ్గా అమ్మలేరు.