ప్రార్థన లేని వారం

షెకీనా పాటలు పొద్దున్న కనిపించాయి. కనిపించి మాయమయ్యాయి.

హనోకు ఆ మాట ఫోన్లో చెప్పగానే తారక్ టిఫిన్ ప్లేటు పక్కకు నెట్టి బండెక్కాడు. విశాఖలో ఓ కంపెనీకి సర్వర్లు చూసే మనిషి, సెలవు మీద ఊళ్లో ఉన్నాడు. అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక వీధిలో, మేడ మీద, హనోకు రికార్డింగ్ స్టూడియో ఉంది. నక్కపల్లి నుంచి నాతవరం దాకా ఏ చర్చి సంఘం వాళ్లు పాటలు చేయించుకోవాలన్నా ఆ మెట్లు ఎక్కాల్సిందే.

"సరిగ్గా సెప్పు బావా. ఏటి జరిగింది?" అన్నాడు తారక్, ఆయాసపడుతూనే.

"కరెంటు పోయొచ్చింది. అన్నీ ఒకేపాలి ఆన్ అయ్యేయి. సర్వర్ ఫోల్డర్ తెరిత్తే జనాల పాటలు ఒక్కటీ లేవు. షెకీనా పేరున్న ఫోల్డర్ ఒక్కటే ఉంది. అందరి పాటలూ పోయేయేటోనని గుండె జారిపోయి రీస్టార్ట్ కొట్టేసేను."

"కొడితే?"

"అందరివీ వచ్చేసేయి. షెకీనా పోయింది."

మూల కుర్చీలో ఉన్న హనోకు భార్య షెకీనా చెయ్యెత్తి ఊపింది, ఇక్కడే ఉన్నానన్నట్టు. తారక్ నవ్వాడు. హనోకు నవ్వలేదు.

ఆమె మెడకి పల్చటి నూలు గుడ్డ కట్టి ఉంది. దాని వెనక చిన్న రంధ్రం. గొంతులో పుండు ముదిరిందని డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. ఆపరేషన్‌కి ముందు వారమంతా ఆమె ఈ గదిలోనే కూర్చుని తనకు వచ్చిన పాటలన్నీ పాడింది. హనోకు వాయించాడు. చివరి రోజు సాయంత్రం మాత్రం అతన్ని బయటికి పంపి తలుపేసుకుంది. "నాకు గొంతు లేనప్పుడు విను. ఇప్పుడు కాదు," అంది బయటికొచ్చాక. ఆ గొంతుతో ఆమె అతనితో మాట్లాడిన ఆఖరి రోజు అదే.

ఆస్పత్రి, రేడియేషన్, తిరగడాలు. నెలలు గడిచి స్టూడియో తెరిస్తే ఆ ఫోల్డర్ లేదు. హనోకు సర్వర్ అంతా గాలించాడు. పొరపాటున తానే చెరిపేసి ఉంటానని ఏడ్చి ఊరుకున్నాడు. ఈ పొద్దున్న దాకా.

తారక్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. లైనక్స్ మెషిన్. అందులో చిన్న డిస్కు, సిస్టమ్‌కి మాత్రమే. పాటలన్నీ పక్కగదిలోని సర్వర్ డబ్బాలో ఉంటాయి. కంప్యూటర్ లేచేటప్పుడు ఆ డబ్బాని తనకు తగిలించుకోవాలి. దాన్నే మౌంట్ అంటారు.

పాత లాగ్‌లు తీశాడు. పొద్దున్నే మౌంట్, మర్నాడూ మౌంట్, ఏడాది పొడుగునా మౌంట్. హఠాత్తుగా ఓ వారం పాటు ఫెయిల్. ఆ తర్వాత మళ్లీ మామూలే, ఈ పొద్దున్న కరెంటు పోయొచ్చినప్పుడు తప్ప.

"బావా, ఇది ఆపరేషన్‌కి ముందు వారం. అప్పుడు ఏటి మార్చేవు? వైరా? రౌటరా?"

"ఏటీ మార్చలేదు."

"రోజూ ఎలాగ ఆన్ సేత్తావు, వరసగా సెప్పు."

"ముందు సర్వర్ ఆన్ సేత్తాను. మోకరించి ప్రార్థన సేసుకుంటాను. ఆమెన్ అన్నాక కంప్యూటర్."

"ఎంతసేపు సేత్తావేటి ప్రార్థన?"

హనోకు ఫోన్ టింగుమంది. ఎదురుగా కూర్చున్న షెకీనా పంపిన వాట్సాప్. *టీ సల్లారిపోయేదాకా.*

ఈసారి తారక్ నవ్వలేదు. కుర్చీ తిప్పి హనోకు వైపు చూశాడు. "అదీ సంగతి. మీ సర్వర్ ముసలిది, నెమ్మదిగా లేత్తాది. కంప్యూటర్ ఏమో సురుకు. లేత్తూనే ఒక్కపాలి పిలుత్తాది, పలక్కపోతే ఊరుకుంటాది. ఇన్నాళ్లూ నీ ప్రార్థన దాన్ని ఆపింది. ఆ వారం..."



"ఆ వారం ప్రార్థన సెయ్యలేదు," అన్నాడు హనోకు, నేల వైపు చూస్తూ. "ఆయన మీద కోపం. అన్ని స్విచ్చిలూ ఒకేపాలి నొక్కేసేవోణ్ణి."

షెకీనా తల తిప్పి భర్తను చూసింది. ఆ సంగతి ఆమెకి ఇప్పుడే తెలిసింది.

"దేవుడు శిక్షించేడు," అన్నాడు హనోకు.

"దేవుడు కాదు, నెట్‌వర్క్. ఇటు సూడు." తారక్ గొంతులో హుషారు మొదలైంది. "సర్వర్ తగలకపోతే ఆ పేరుతో ఖాళీ ఫోల్డర్ ఒకటి ఈ చిన్న డిస్కులోనే ఉంటాది. మిగతావోళ్ల పాటలు తెరిసి సూళ్లేదు కాబట్టి నీకు తెలీలేదు, వారమంతా అందులోనే సేవ్ సేసేవు. తరవాత సర్వర్ తగిలింది. మంచం మీద సామాను ఉండగానే దుప్పటి పరిచేసినట్టు. సామాను ఎక్కడికీ పోలేదు బావా. అడుగునే ఉంది!"

"అయితే తియ్యి! దుప్పటి తియ్యి!"

ఆమె బతికి ఇంటికొచ్చిందన్న కృతజ్ఞతతో హనోకు మళ్లీ మోకరించడం మొదలుపెట్టాడు. ఆ ప్రార్థనే రోజూ ఆ దుప్పటి పరుస్తూ వచ్చింది.

తారక్ అన్‌మౌంట్ కొట్టాడు. తెర మీద ఉన్న పేర్లన్నీ పోయాయి. ఒక్కటే మిగిలింది.

*షెకీనా.*

మొదటి పాట నొక్కారు. స్పీకర్లలోంచి ఆమె గొంతు వచ్చింది, నిండుగా, కొంచెం బొంగురుగా. పల్లవి మధ్యలో బయట బెల్లం లారీ హారన్. "ఛీ, దీని లారీ మండా! మళ్లీ ఎత్తుకుందాం," అని ఆ గొంతు విరగబడి నవ్వింది. ఇక్కడ కుర్చీలో షెకీనా కూడా నవ్వింది. గాలి మాత్రమే వచ్చింది. తారక్ ముఖం తిప్పుకున్నాడు.

"ఆఖరిది పెట్టు," అన్నాడు హనోకు.

ఆఖరి ఫైలు పేరు *హనోకుకి*. తారక్ నొక్కాడు. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాడు. ఫైలు సైజు చూశాడు. 

"బావా... ఇది చిన్న డిస్కు. వారం పాటలకే నిండిపోయింది."

"అంటే?"

"పేరు పడింది. లోపల ఏటీ పడలేదు. సున్నా."

ఫోన్ టింగుమంది. *ఆ రోజు తెర మీద ఏదో ఇంగ్లీషు పెట్టె వచ్చింది. ఓకే నొక్కేను. మైకు లైటు ఎలుగుతూనే ఉంది.*

హనోకు వెళ్లి ఆమె ముందు కింద కూర్చున్నాడు. "పోనీలే. ఏం సెప్పేవో రాయి. ఇప్పుడు రాయి. నేను సదువుకుంటాను."

ఆమె వేళ్లు తెర మీద ఆగాయి. రాసి, చెరిపి, మళ్లీ రాసింది.

*సెప్పలేదు. పాడేను. మాటల్లేవు. రాగం ఒక్కటే. నీ కోసం కట్టేను.*

తారక్ మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగాడు. స్టార్టప్ సెట్టింగుల ఫైలు తెరిచి, నెట్‌వర్క్ వచ్చేదాకా ఆగమని, సర్వర్ పలికేదాకా పిలుస్తూనే ఉండమని రాశాడు. రెండుసార్లు రీస్టార్ట్ చేసి చూశాడు. అన్ని స్విచ్చిలూ ఒకేసారి వేసినా సరిగ్గా తగులుకుంది.

"ఇంక ఎప్పుడూ ఇలాగవదు బావా," అన్నాడు. ఆ మాట అన్నందుకు తనకే సిగ్గేసినట్టు బ్యాగు తీసుకుని మెట్లు దిగిపోయాడు.

హనోకు తను వాయించే కీబోర్డు ముందుకు జరిగాడు. "ఏ స్వరంతో ఎత్తుకున్నావు? నేను నొక్కుతాను. అవునో కాదో సెప్పు."

షెకీనా దగ్గరికొచ్చి నిలబడింది. అతను ఒక స్వరం నొక్కాడు. ఆమె వేలు పైకి చూపించింది. ఇంకోటి. ఇంకా పైకి. మూడోదానికి కళ్లు మూసుకుని అవునంది. అక్కడి నుంచి వేలితో గాలిలో గీత గీసింది, ఎక్కుతూ, వంపు తిరుగుతూ. అతను ఆ గీత వెంట పరిగెత్తాడు. తప్పు. మళ్లీ. తప్పు. ఆమె అతని భుజం మీద తాళం వేసింది. తాళం దొరికింది, రాగం దొరకలేదు. ఆమె నోరు తెరిచింది, అలవాటు కొద్దీ. మెడ గుడ్డ ఒక్కసారి కదిలింది.

మార్కెట్లో వేలం పాటలు ముగిసి సందడి తగ్గింది. అతని చొక్కా చెమటకి తడిసిపోయింది. ఒక్కో స్వరం మారుస్తూనే ఉన్నాడు. "ఇదా? పోనీ ఇదా?"

షెకీనా అతని ముఖం చూసింది. ఆ తర్వాత అతను వాయించినదానికి తలూపింది. అవును, ఇదే.

ఇరవయ్యేళ్లుగా ఆమె పాటకి వాయించిన మనిషి. స్వరం తప్పితే ఆమె కనుబొమల మధ్య పడే ముడి అతనికి తెలుసు. ఆ ముడి ఇంకా అలాగే ఉంది.

"ఇదే కదా?" అన్నాడు.

ఆమె మళ్లీ తలూపింది.

హనోకు కీబోర్డు మీదికి వంగి, ఆ రాగాన్నే మొదటి నుంచి వాయించాడు.