ఎవరి ఫైల్లో ఉండాలి

గురురాజకూ రామచంద్రకూ కొన్నాళ్ళుగా మాటల్లేవు. ఆస్తి తగాదా అనుకునేరు, కాదు. అన్నదమ్ముల పిల్లలిద్దరూ కొట్లాడుకున్నది ఒక అర్రే కోసం. తాతల నాటి నుంచి బళ్ళారి బజారులో బట్టలమ్మిన ఇంట్లో పుట్టి, కంప్యూటర్ సి భాష నేర్చి, సండూరు కొండల్లోని ఒక ప్రైవేటు ఇనుప గనికి ప్రోగ్రాం రాసిన ఘనులు వీళ్ళు.

పని చిన్నదే. గనిలోకి దిగే ప్రతి మనిషి టోకెన్ నంబరూ గేటు దగ్గర కొడితే, ఆ నంబర్లన్నీ అర్రే అనే వరసలో చేరతాయి. పేల్చే ముందు అదే వరస చూసి, లోపల ఎవరున్నారో మిషన్ చెప్పాలి. గేటు పని రామచంద్ర ఫైలు, పేలుడు పని గురురాజ ఫైలు. అర్రే ఒకరి ఫైల్లో ఉండాలి. రెండోవాడు ఎక్స్‌టర్న్ అని రాసుకోవాలి, అంటే నా దగ్గర లేదు, అవతలివాడిదే వాడుకుంటానని ఒప్పుకోవాలి. ఆ ముక్క రాయడానికి ఇద్దరికీ చెయ్యి రాలేదు.

"పెద్దోణ్ణి, నా దాంట్లోనే ఉండాల," అన్నాడు గురురాజ.

"దాన్ని నింపేది నేను కదన్నా!"

ఇద్దరూ పెట్టుకుంటే ఒకే పేరు రెండుసార్లా అని మిషన్ తిట్టింది. చివరికి గురురాజ దాని ముందు స్టాటిక్ అని చేర్చి, ఇద్దరి ఫైళ్ళలోకీ నకలుగా చేరే హెడర్‌లో పడేశాడు. తిట్లు ఆగాయి. సంధి కుదిరిందనుకున్నారు మూర్ఖులు. నిజానికి స్టాటిక్ అంటే ఎవరిది వాళ్ళకే; ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి, ఏ ఫైలుకు ఆ అర్రే. కలిపి పరీక్షించాలంటే మాట్లాడుకోవాలి కదా, అదీ చేయలేదు.

మొదటి పేలుడు రోజు మధ్యాహ్నం గురురాజ షెడ్లో కూర్చుని మీట నొక్కాడు. 'లోపల ఎవరూ లేరు' అని వచ్చింది. మందు పేల్చే కెంచప్ప తలూపి, సైరన్ వేయించి గట్టు మీదికి పోయాడు.

తమ్ముడి తప్పులేమైనా దొరుకుతాయేమోనని గురురాజ అదే మిషన్‌లో గేటు పేజీ తెరిచాడు. ఒక్క టోకెన్ ఉంది. రామచంద్రది, లోపల. నంబరు వాడి అర్రేలో పడింది, తన అర్రే ఖాళీ.

పైప్రాణాలు పైనే పోయాయి. బయటికొచ్చి అరిచాడు. సైరన్ మోతలో తన గొంతు తనకే వినబడలేదు. గట్టు మీద కెంచప్ప చెయ్యి మందు పేల్చే పిడి మీద ఉంది. గురురాజ ఎర్రజెండా దాటి, మందు కూరిన రాళ్ళ మధ్యకే పరుగెత్తాడు.

కెంచప్ప చెయ్యి ఆగింది. చెయ్యెత్తి సైరన్ ఆపించాడు.

"ఏంది సామీ, సచ్చేకి వస్తాండావా? ఎవురూ లేరని నీ మిషనే చెప్పె గదా!"

"రామూ! యాడుండావురా?"

అడుగున బండ చాటు నుంచి రామచంద్ర తాపీగా లేచాడు. "ఏందన్నా?"

"సైరన్ ఇనపడలేదేంరా నీకు?"

"ఇనపడె. టెస్టు చేస్తాండారేమో అనుకుంటి. గేటు లెక్క సరిచూసేకి టోకెన్ కొట్టే దిగినా గదా, నేనుండంగా నీ మిషన్ ఎట్ల పేల్చనిస్తాది?"

గురురాజ తమ్ముడి భుజం పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చేశాడు.

"నీ ఫైల్లోనే పెట్టుకోరా," అన్నాడు. "ఎక్స్‌టర్న్ నేను రాసుకుంటా."