జెట్టీ గేటు దాటాక

"కళా, డబ్బా!"

ఫోన్‌లో చక్రి అనేది అంతే. ఎక్కడున్నావనడు, ఏం చేస్తున్నావనడు. ఆ వేళకి కళ లహరి ముక్కు తుడుస్తూనో, అత్తకి రెండో టీ వడకడుతూనో ఉంటుంది. తల తిప్పి చూస్తే గుమ్మం పక్కన చెప్పుల స్టాండు మీద స్టీలు కేరియర్ కూర్చుని ఉంటుంది. బూట్లు వేసుకోవడానికని దాన్ని అక్కడ పెడతాడు. బూట్లు వేసుకుంటాడు. వెళ్ళిపోతాడు. ఆ తరవాతి పని కళది. పొయ్యి ఆర్పి, పిల్లని అత్త ఒళ్ళో పడేసి, నైటీ మీద చున్నీ కప్పుకుని, షాదీపూర్ సందులోంచి ఫీనిక్స్ బే పడవల జెట్టీ దాకా ఒకటే పరుగు. చక్రి పనిచేసేది దీవులకి వెళ్ళే పడవలో, అది ఎవరి కూర కోసమూ ఆగదు కదా. ఆమె చేరేసరికి తాళ్ళు విప్పుతూ ఉంటారు. చక్రి డెక్కు మీద నుంచి వంగి, కేరియర్ అందుకుంటాడు. మొహం చూడడు. గేటు దగ్గరి పోర్టర్లు మాత్రం చూస్తారు. "డబ్బా దీదీ ఆగయీ! అబ్ జహాజ్ ఛూటేగా!" అని, ఇక పడవ కదలొచ్చన్నట్టు నవ్వుతారు.

"మా ఆవిడ స్పీడ్ పోస్టు భాయ్," అంటాడు చక్రి వాళ్ళతో. పొగిడాననే అనుకుంటాడు.

పడవలో కేంటీను ఉంది. కానీ ఆ తిండి ఆయనకి పడదు. ఇంటి చేపల పులుసే కావాలి, అందులోనూ నడిమి ముక్కలే కావాలి. తోక ముక్క కళది. అదైనా అందరూ తిన్నాక, చల్లారి, పైన నూనె పేరుకున్నాక. ఒకసారి ఉండబట్టలేక, "బావకి చిన్నప్పట్నుంచీ ఈ మతిమరుపేనా అత్తా?" అని అడిగింది. గురువమ్మకి కోపం వచ్చేసింది. "మతిమరుపేటే ఆడికి? ఉజ్జోగంలో సేరిన కాడ్నుంచి ఒక్కనాడు మరిసిపోనేదు. నువ్వొచ్చాకే ఇలాగయ్యాడు," అంది. తప్పంతా కోడలిదే అన్నట్టు అంది గానీ, ఆ మాట కళకి ఇంకోలా తగిలింది. అంట్లు తోముతుంటే తగిలింది, లహరిని జోకొడుతుంటే తగిలింది. అంటే పరిగెత్తే మనిషి ఇంట్లోకి వచ్చాకే ఆయన మర్చిపోవడం మొదలుపెట్టాడు. మర్చిపోయినా ఏమీ కాదని తెలిశాకే మర్చిపోయాడు. మరి తను? గ్యాసు కట్టేశానా, బాల్కనీ గడియ పెట్టానా, లహరి దగ్గు ఛాతీలోకి దిగిందా అని నిద్రలో కూడా గుర్తుపెట్టుకునే తను, ఒక్కటైనా మర్చిపోగలదా?

పక్క వాటాలో ఉండే సుమ నర్సు. పొద్దున్నే పరుగుకి వెళ్ళడం ఆమెకి సరదా. ఒకరోజు జెట్టీ రోడ్డులో కళ ఆమెని దాటుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం సుమ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "అక్కా, నేను కొత్త షూ వేసుకుని రొప్పుతున్నా. నువ్వు హవాయి చెప్పులేసుకుని, చేతిలో పులుసు పట్టుకుని నన్ను దాటేశావు. ఆదివారం ఊళ్ళో అయిదు కిలోమీటర్ల రన్ ఉంది. నీ పేరు ఇచ్చేస్తున్నా." కళ వద్దనలేదు. అనాలనిపించలేదు. సుమ పాత బూట్లు వదులైతే వేళ్ళ దగ్గర గుడ్డ పీలికలు కుక్కుకుంది.

చక్రికి చెబితే నిజంగానే అర్థం కాలేదు. "ఎక్కడ మొదలు? స్టేడియం. ఎక్కడ ఆఖరు? మళ్ళీ స్టేడియమేనా? అరే, బయల్దేరిన చోటికే రావడానికి పరుగెందుకే? పాగల్ హై క్యా?"

"మొగుడికి బువ్వట్టుకెల్లినావంటే ఒక అర్దముంది," అంది గురువమ్మ. "ఊరికే ఎగురుతాదంట, రోడ్డు మీద."

ఆదివారం కూడా చక్రికి డ్యూటీ. కళ పొయ్యి వెలిగించేసరికి బయట ఇంకా కాకి కూడా లేవలేదు. అన్నం, కోనం చేప పులుసు, బెండకాయ వేపుడు కేరియర్లో సర్ది, స్టాండు మీద పెట్టకుండా తిన్నగా ఆయన చేతికే ఇచ్చింది. "ఇవాళ నేను రాలేను బావా. మర్చిపోకు."

"హా బాబా, యాద్ హై!"

అత్తకి అప్పగింతలు మొదలుపెట్టింది. పాలు చల్లార్చి పెట్టాను, దగ్గు మందు ఫ్రిజ్జు మీదుంది, బాల్కనీ గడియ తియ్యకు. "ఎల్లవే తల్లీ! నీ మొగుణ్ణి పెంచింది నేనేనే," అని గురువమ్మ విసుక్కుంది.

స్టేడియంలో సుమ ఆమె కుర్తా మీద నంబరు గుచ్చింది. ఆ పిన్నీసు చప్పుడుకి కళ మనసు బడి రోజులకి పోయింది. తొమ్మిదో తరగతిలో ఇదే స్టేడియంలో, ఇలాగే నంబరు గుచ్చుకుని నిలబడింది. పరుగు ఇంకా మొదలవనే లేదు. హోప్ టౌన్ నుంచి పడవలో నాన్న వచ్చాడు. "తమ్ముడు పుట్టాడమ్మా. అమ్మ మంచం మీంచి లెగలేకపోతంది. పిల్లోణ్ణి ఎవులెత్తుకుంటారు?" అన్నాడు. పడవలో తిరిగి వెళుతున్నంతసేపూ నంబరు చొక్కాకే ఉంది, తియ్యాలని ఎవరికీ తోచలేదు. మర్నాటి నుంచి బడి కూడా లేదు. ఈసారి నాకేమీ వద్దు, ఆఖరి గీత ఒక్కటి దాటితే చాలు, అనుకుంది.

ఈల ఊదారు. మొదట్లో కాళ్ళు కదులుతున్నా బుర్ర ఇంట్లోనే తిరిగింది. పాలు తాగిందా, గడియ తీశారా. షాదీపూర్ ఎత్తు ఎక్కేటప్పుడు ఊపిరి అందక, ఆ ఆలోచనలకి చోటు లేకుండా పోయింది. ఎంత హాయి! మెరిసే టీషర్టు అమ్మాయిని దాటింది. ఇద్దరు నడివయసు సార్లని దాటింది. చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయని అప్పుడు గమనించింది. ఖాళీ చేతులు పరుగులో ఇంత బాగా ఊగుతాయని ఆమెకి తెలీదు.

సందు మలుపులో గురువమ్మ నిలబడి ఉంది. చంకలో లహరి. రెండో చేతిలో, పైకెత్తి, కేరియర్.

"ఓసే కళా! ఆడు మళ్ళీ మరిసిపోనాడే! ఎలాగూ అటే ఎల్తన్నావు గదా, అట్టుకెల్లిపో!"

కళ వద్దు అనే అనుకుంది. చెయ్యి మాత్రం దానంతటదే చాచుకుంది. పట్టుకుంది కూడా.

లహరి "అమ్మా!" అని చప్పట్లు కొట్టింది. వెనక ఎవరో పగలబడి నవ్వారు. నీళ్ళ సీసాలిచ్చే కుర్రాడు "దీదీ, యే క్యా హై?" అని నోరు తెరిచాడు. ఏమని చెబుతుంది? మెరిసే టీషర్టు అమ్మాయి మళ్ళీ దాటిపోయింది. కళకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. అత్త మీద కాదు, చక్రి మీద కూడా కాదు, ముందు తన చేతి మీద. పులుసు ఒలకకుండా మణికట్టుని ఎలా ఉంచాలో ఆ చేతికి ఇప్పటికీ తెలుసు. ఎవరూ చెప్పకుండానే అలా ఉంచుతోంది.

దిగువకి రాగానే జెట్టీ గేటు. పరుగు తిన్నగా వెళ్ళాలి, గేటు ఎడమ పక్క. అలవాటుగా కాళ్ళు ఎడమకి తిరిగాయి. పోర్టరు అప్పటికే గేటు బార్లా తీసి, "దీదీ, ఇధర్! జల్దీ!" అంటున్నాడు. గేటులోంచి పడవ కనిపిస్తోంది. డెక్కు మీద చక్రి, ఎవరితోనో మాట్లాడుతూనే ఇటువైపు చెయ్యి ఊపాడు.

"కళా, డబ్బా!"

పోర్టరు చేతిలో పెట్టేసి పోవచ్చు. అతను చెయ్యి చాపాడు కూడా. కానీ ఇస్తే ఏమవుతుంది? ఇంట్లో అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. చూశావా, పరుగూ అయింది, డబ్బా కూడా అందింది, ఇంకేంటి కష్టం అంటారు. రేపు స్కూలుకి లహరి డబ్బా, ఎల్లుండి ఇంకోటి. ఎలాగూ అటే వెళ్తున్నావు కదా.

కళ తన కాళ్ళని తిన్నగా తిప్పుకుంది.

"అరే దీదీ! దీదీ!" పోర్టరు వెనకాల కొంత దూరం వచ్చాడు. పడవ కూత వేసింది. ఆ కూత వింటే ఇన్నాళ్ళూ ఆమె ఇంకా గట్టిగా పరిగెత్తేది. ఇప్పుడూ అంతే గట్టిగా పరిగెత్తింది.

ఆఖరి గీత దగ్గర మైకులో ఏదో జోకు వేశారు. జనం చప్పట్లు కొట్టారు. ఎన్నోదిగా వచ్చిందో ఆమె అడగలేదు. స్టేడియం మెట్ల మీద కూలబడి, ఊపిరి తిరిగాక, కేరియర్ విప్పింది. పులుసు ఒక్క చుక్క ఒలకలేదు. అన్నం ఇంకా వెచ్చగా ఉంది. తను వండినది ఇంత వెచ్చగా ఉంటుందని ఆమె మర్చిపోయింది.

ఫోన్ మోగింది. వెనక ఇంజను మోత. "డబ్బా ఏదే? గేటు దాకా వచ్చి, ఇవ్వకుండా పోయావేంటి?"

నోట్లో ముద్ద ఉంది. తొందరపడకుండా నమిలి మింగింది.

"ఆకలేసింది బావా. నేను తింటున్నాను."

"మరి నేనో?"

"కేంటీనుంది కదా," అని, కళ పులుసులోంచి నడిమి ముక్క తీసుకుంది.