నోలీన్‌కు అంటుకున్న పొర

పొద్దున్న ఆరున్నరకల్లా నోలీన్ తెల్ల గంబూట్లు తొడుక్కుని పేగుల బల్ల ముందు నిలబడుతుంది. దేశం దక్షిణపు కొసన సౌత్‌ల్యాండ్‌లో ఏటి ఒడ్డున ఉన్న ఆ కబేళాలో పంతొమ్మిదేళ్లుగా ఆమె పని అదే. గొర్రెపిల్లలు కొక్కేలకు వేలాడుతూ వరసగా వస్తాయి. ముందువాడు పొట్ట కోయగానే లోపలి సరుకంతా బుళుక్కున బల్ల మీద పడుతుంది. పొట్ట గోడకు లోపలివైపు పల్చటి తడి పొర ఒకటి నిగనిగలాడుతూ ఉంటుంది. ఆ పొరే మడతలు పడి పేగులన్నిటినీ గుత్తిగా పట్టి ఉంచుతుంది. వాటి మీద దుప్పటిలా కప్పుకుని, వలలా అల్లుకున్న కొవ్వుపొర. దాన్ని చిరగకుండా ఒలిచి పక్క కొక్కేనికి తగిలించాలి. గోరువెచ్చగా, జిడ్డుగా వేళ్లను పట్టుకుని ఒక పట్టాన వదలదు. పంతొమ్మిదేళ్లయినా నోలీన్‌కు అది తగిలితే అసహ్యమే. గోళ్లలో దూరిన కంపు ఏ సబ్బుకీ లొంగక, ఇంట్లో రొట్టెకు వెన్న రాసుకోవడం కూడా మానేసింది.

ఆ కొవ్వుపొరలకు ఒక అలవాటుంది. దగ్గర్లో ఎవరి కడుపులోనైనా తేడా ఉంటే కొక్కెం దిగి, నేల మీద పాక్కుంటూ వెళ్లి, సరిగ్గా ఆ చోట అతుక్కుంటాయి. పోయినేడు లారీ డ్రైవరుకు కాలేయం మీద, మొన్న మేస్త్రీ గోర్డన్‌కు కడుపులో పుండు ఉన్నచోట. అంటుకున్నవాళ్లు దాన్ని పీకకుండా అలాగే ఆసుపత్రికి వెళ్తారు. అక్కడ గుమ్మం పక్కన వాటికోసమే మూత ఉన్న బకెట్ ఒకటి పెట్టారు.

నోలీన్‌కు ఇది ఆఖరి వారం. శనివారం బస్సెక్కి నెల్సన్ ఊళ్లో ఉన్న అక్క దగ్గరికి వెళ్లిపోతుంది. అక్కడ ఆపిల్ పండ్లు పెట్టెలకెత్తే పని. పండ్ల వాసన తలుచుకునే ఈ వారమంతా ముక్కు మూసుకుని నెట్టుకొస్తోంది.

మంగళవారం ఒక పొర కొక్కెం దిగి ఆమె బూటు ఎక్కింది.

"ఛీ, పో!" అని కాలు విదిల్చి, దాన్ని కత్తులు ముంచే వేడినీళ్ల తొట్టిలో పడేసింది. అది ముడుచుకుపోయి తేలింది. ఆదివారం పొట్టలో కుడివైపు నొప్పి వచ్చిన మాట నిజమే కానీ సోమవారానికి తగ్గిపోయింది కదా! బుధవారం మూడు వచ్చాయి. మూడింటికీ అదే గతి పట్టించింది.

గురువారం టీ వేళకు చొక్కా కింద వెచ్చగా ఏదో జారింది. బట్టలు మార్చుకునే గదిలోకి పరుగెత్తి చొక్కా ఎత్తి చూసుకుంది. బొడ్డుకు కుడిపక్కగా, కాస్త కిందికి, అరచెయ్యంత మేర కొవ్వుపొర. పీకితే తన చర్మమే సాగింది.

పక్క బల్ల మీద పనిచేసే రిపెకా చీజ్ రోల్ నములుతూ లోపలికొచ్చింది.

"అయ్యో ఆంటీ! మీక్కూడానా? ఎన్నాళ్లయింది?"

"నోర్ముయ్యవే. తలుపెయ్యి. ఆదివారం నొప్పొచ్చింది, తగ్గిపోయింది. వేడినీళ్లు పోస్తే ఊడిపోతుంది."

"పొయ్యండి, ఉడికిపోతారు. నొప్పి తగ్గిపోయిందన్నారుగా? మా బాబాయి కూడా ఇలాగే తగ్గిందన్నాడు. వారం తిరక్కుండానే పాతిపెట్టాం. పదండి, కారు తీస్తాను."

"వెళ్తే పడుకోబెట్టేస్తారే. బస్సు పోతుంది. ఇంకొక్క వారం కూడా ఈ కంపులో ఉండలేను రిపెకా, చచ్చిపోతాను."

"మీ అక్క పూలు పట్టుకుని ఎక్కడికి రావాలి ఆంటీ? బస్టాండుకా, శవపేటిక దగ్గరికా?"

నోలీన్‌కు ఏడుపొచ్చింది. పంతొమ్మిదేళ్లూ ఒలిచి ఒలిచి కొక్కేనికి తగిలించినదాన్ని చివరికి ఒంటికి చుట్టుకుని ఊళ్లోంచి వెళ్లాలా అని అసహ్యంతో ఏడ్చింది. ఏడుస్తూనే కారెక్కింది.

శుక్రవారం ఆపరేషనయ్యాక మెలకువ వచ్చేసరికి డాక్టరమ్మ మంచం పక్కనే ఉంది.

"ఆదివారమే మీ అపెండిక్స్ పగిలింది. చీము పొట్టంతా పాకాల్సింది. మీ కొవ్వుపొర వచ్చి దాన్ని మూటకట్టి పట్టుకుంది, అందుకే నొప్పి తెలియలేదు. ఆ మూట చివికిపోయింది. బస్సు కుదుపులకు తట్టుకునేది కాదు."

"గొర్రెదా?"

"కాదమ్మా, మీదే. లోపలిది. అందరికీ ఉంటుంది."

నోలీన్ మొహం గోడవైపు తిప్పుకుంది. ఆ జిడ్డు, ఆ వల, పుట్టినప్పటినుంచీ తనలోనూ ఉందన్నమాట.

"తీసేశారా?"

"కొంచెం. మిగతాది దాని చోటనే ఉంది."

తెలియకుండానే ఆమె చెయ్యి కట్టు మీదికి వెళ్లింది, కాసేపు అక్కడే ఉండిపోయింది.

శనివారం బస్సు వెళ్లిపోయాక రిపెకా చీజ్ రోల్స్ పొట్లంతో వచ్చింది.

"దాన్నేం చేశారే?" అని అడిగింది నోలీన్.

"ఏది? గొర్రెదా? గుమ్మం దగ్గర బకెట్లో ఉంది. సోమవారం చెత్తబండి వస్తుందట."

"బండికి వెయ్యనివ్వకు. తీసుకెళ్లి ఎక్కడైనా మెత్తటి మట్టిలో పెట్టిరా."

"చేత్తోనా ఆంటీ?"

"చేత్తోనే," అంది నోలీన్, మొహం చిట్లించి. "తర్వాత రెండుసార్లు సబ్బుతో కడుక్కో. అప్పుడే నాకు ఆ రోల్ ఇవ్వు."