కడ్డీకి కట్టిన తీగ

మెకానిక్ ఆ లాండ్రీలో చేరి పంతొమ్మిదేళ్ళయింది. మూడు ఆసుపత్రుల దుప్పట్లు అక్కడే ఉతికి, అక్కడే ఇస్త్రీ చేస్తారు. గది పొడవునా రెండు ఉక్కు రోలర్లు భగభగ కాలుతూ తిరుగుతుంటాయి. తడి దుప్పటి అంచులు రెండు చేతులా పట్టుకుని వాటి మధ్యకు అందించాలి. ఆ పని చేసేవాళ్ళలో అందరికంటే పెద్దావిడను అంతా అక్క అనే పిలిచేవారు. "మా ఆయన చొక్కాక్కూడా ఎప్పుడూ ఇంత మర్యాద చెయ్యలేదర్రా" అని నవ్వించేది.

రోలర్ల ముందు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. దానికి చెయ్యి తగిలితే చాలు, యంత్రం టక్కున ఆగిపోతుంది. ఒకసారి ఆ కడ్డీ స్ప్రింగు పాడై, ఎవరూ తాకకుండానే గంటకు పదిసార్లు ఆగడం మొదలుపెట్టింది. దుప్పట్లు గుట్టలు పడ్డాయి.

"తీగతో బిగించి కట్టెయ్. కొత్త స్ప్రింగు వచ్చేదాకానే" అన్నాడు మేనేజరు.

మెకానిక్ కట్టాడు. మూడు వారాలైనా స్ప్రింగు రాలేదు. నాలుగో వారం, చిరిగిన దుప్పటి అంచు అక్క కుడిచేతికి చుట్టుకుని, చేతిని రోలర్లలోకి లాక్కుపోయింది. కడ్డీ కదల్లేదు. అరుపు విని మెకానిక్ పరుగెత్తుకొచ్చి యంత్రాన్ని ఆపే మీట లాగేసరికే జరగాల్సిన ఘోరం జరిగిపోయింది. ఆసుపత్రిలో ఆ చెయ్యి మణికట్టు పైదాకా తీసేశారు.

అక్క నష్టపరిహారానికి అర్జీ పెట్టుకుంది. పని త్వరగా తెమలాలని ఆమే కడ్డీని కట్టేసుకుందని కంపెనీ జవాబు రాసింది. మేనేజరు ఆ కాగితం మెకానిక్ ముందు పెట్టాడు.

"సాక్షి సంతకం పెట్టు. నీ మీదకి రాకుండా చూస్తున్నా, అర్థమవుతోందా?"

అర్థమైంది. పెళ్ళాం పిల్లలు కళ్ళ ముందు మెదిలారు. సంతకం పెట్టేశాడు.

ఆ ఆదివారం మనసు ఊరుకోక అక్క ఇంటికి వెళ్ళాడు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని, కూతురి నోటు పుస్తకంలో ఎడమ చేత్తో తన పేరు రాయడం నేర్చుకుంటోంది. అక్షరాలు వరస తప్పి కిందికి జారిపోతున్నాయి.

"అర్జీల మీద వేలిముద్ర వెయ్యమన్నారు. చదువుకున్నదాన్ని, వేలిముద్ర వేస్తానా?" అంది. పెన్సిలు పక్కన పెట్టి, "ఏంటి తమ్ముడూ, ఏదైనా చెప్పాలా?" అని అడిగింది.

"ఏం లేదక్కా, చూసిపోదామని" అని లేచి వచ్చేశాడు. ఆ వారమంతా అన్నం సయించలేదు. భార్య గుచ్చి గుచ్చి అడిగితే అంతా చెప్పాడు. ఆమె "ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుందాం. నువ్విలా ఉంటే నేను చూడలేను" అంది.

విచారణ రోజు అధికారి కాగితం చూపించి అడిగింది: "ఈ సంతకం మీదేనా?"

"నాదేనండీ. అందులో రాసింది మాత్రం అబద్ధం."

కంపెనీ లాయరు లేచాడు. "ఆలోచించుకుని మాట్లాడండి. ఇది మీ మెడకే చుట్టుకుంటుంది."

"తెలుసండీ. కడ్డీ కట్టింది నేను. కట్టమన్నది మేనేజరుగారు. తీగ కట్టాలంటే యంత్రం వెనక తలుపు తియ్యాలి. ఆ తాళంచెవి నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు. అక్క ఎలా కడుతుందండీ?"

అధికారి తల వంచుకుని చాలాసేపు రాసుకుంది.

అక్కకు పరిహారం మంజూరైంది. మేనేజరు మీద కేసు పెట్టారు. అబద్ధపు సంతకానికి మెకానిక్ జరిమానా కట్టాడు. ఉద్యోగం ఆ వారమే పోయింది. కానీ అతనికి గుర్తుండిపోయింది ఇవేవీ కావు, విచారణ అయ్యాక వరండాలో అక్క అన్న మాటలు.

"నువ్వే కట్టావని నాకు మొదట్నించీ తెలుసు. ఆ ముడి నీదే. ఆ ఆదివారం చెప్తావనుకున్నా."

"నోరు రాలేదక్కా."

"ఇవాళ చెప్పావు, మంచిదే. కానీ నిన్ను చూస్తే నాకు ఆ రోలరే కనబడుతోంది. కొన్నాళ్ళు మా ఇంటికి రాకు."

అతను వెళ్ళలేదు. ఒక వెల్డింగు షాపులో పనికి కుదిరాడు. ఐదు నెలలు గడిచాక, ఒక మధ్యాహ్నం అక్కే ఆ షాపుకు వచ్చింది. చంకలో కూరగాయలు తరిగే చెక్క ఉంది.

"ఒంటిచేత్తో తరుగుతుంటే ఉల్లిపాయ జారిపోతోంది. దాన్ని పట్టి ఉంచేలా ఏదైనా చెయ్యగలవా? కూలి ముందే చెప్పు. ఊరికే చేస్తానన్నావో, పక్క షాపుకి పోతా."

అతను కూలి చెప్పాడు. ఆమె బేరమాడి కొంచెం తగ్గించింది. చెక్క మధ్యలో మూడు మొనదేలిన మేకులు బిగించి, ఒక అంచున ఆనుకోవడానికి రేకు అతికించాడు. అక్క సంచిలోంచి ఉల్లిపాయ తీసి మేకులకు గుచ్చి, ఎడమ చేత్తో కత్తి పట్టుకుని అక్కడే తరిగి చూసింది.

"చెక్క కదుల్తోంది" అంది.

అతను చెక్కను తిరగేసి, అడుగున రబ్బరు ముక్కలు అంటించడానికి కింద కూర్చున్నాడు. ఆమె ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, అతని చేతుల వైపే చూస్తూ, "పిల్లలు బాగున్నారా?" అని అడిగింది.