వేపమండల గదిలోని పరుపు

నేను ఒక పరుపును. స్పాంజి పరుపును కాను, ఆ తేడా మొదటే చెప్పుకోవాలి. అచ్చమైన ఆదోని పత్తితో తయారైనదాన్ని. నన్ను కుట్టినవాడు దూదేకుల హుస్సేనప్ప. మిషను మీద దూది ఏకించి, నీలం చారల గుడ్డలో కూరి, కట్టెతో నాలుగు వైపులా బాది సమం చేసి, పెద్ద సూదితో అక్కడక్కడా కుట్లు వేసి, "పదేండ్లు నిమ్మళంగా పండుకోవచ్చు పో" అన్నాడు. ఎవరు పండుకోవాలో ఆయన చెప్పలేదు. ఏ కొత్త దంపతుల ఇంటికో పోతానని నేనూ కొంచెం ఆశపడ్డాను. తీరా చూస్తే నా రాత యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లో రాసి ఉంది.

హాస్టలు వాళ్ళు ఇనప మంచాలు ఇస్తారు, పరుపులు ఇవ్వరు. అందుకని అక్కడ ఒక ఆచారం ఉంది. చదువు అయిపోయి వెళ్ళేవాళ్ళు తమ పరుపును జూనియరుకు ఇచ్చిపోతారు. నన్ను మొదట కొన్నావిడ తెలుగు ఎం.ఏ. చదివింది. నా మీద చదివినదానికంటే ఏడ్చింది ఎక్కువ, ఎందుకో ఇప్పటికీ తెలియదు. ఆమె తరువాత ఒక కెమిస్ట్రీ పిల్ల వచ్చింది. రెండేళ్ళపాటు నా మీదే కూర్చుని మ్యాగీ తిని, పోయే రోజున మరకలున్న వైపును కిందికి తిప్పి, "ఎంత నీట్‌గా వాడుకున్నానో చూడు మే" అంటూ నన్ను అప్పగించింది. మనుషులు ఏది ఇచ్చినా మంచి వైపు పైకి పెట్టి ఇస్తారు. నాకు కోపం రాలేదు.

అలా నేను కుందమ్మ చేతికి వచ్చాను. అసలు పేరు ఉరుకుందమ్మ. మా ఆదోని దగ్గరి పల్లెపిల్లే. చదివేది ఎకనామిక్స్ ఎం.ఏ. అయినా క్యాంపస్‌లో ఆమె ఎకనామిక్స్ సంగతి ఎవరికీ పట్టదు, కబడ్డీ సంగతి మాత్రం అందరికీ తెలుసు. కూతకు పోయిందంటే ఎవరినో ఒకరిని తాకి, పట్టుకునేలోపే గీత దాటి వచ్చేస్తుంది. డిసెంబరులో యూనివర్సిటీల మధ్య పోటీలు ఉన్నాయి. అక్కడ ఆడిన సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగానికి దారి దొరుకుతుంది. ఆమెది చివరి సంవత్సరం కాబట్టి ఇక వేరే అవకాశం లేదు. "ఈసారి ఖాయమమ్మా, జట్టులో నేనుండాను" అని నా మీద బోర్లా పడుకుని వాళ్ళమ్మతో ఫోనులో రోజూ చెప్పేది.

పక్క మంచం తబితది. నంద్యాల వైపు అమ్మాయి, కుందమ్మ క్లాసే. ఆదివారం చర్చికి పోతుంది, మిగిలిన రోజులు బల్లులకు భయపడుతుంది. ఆటలంటే ఆమడ దూరం. ఇద్దరికీ ఎలా కుదిరిందో గానీ, ఒకరి చెప్పులు ఒకరు, ఒకరి చున్నీలు ఒకరు వేసుకుని తిరిగేవాళ్ళు.

దీపావళి సెలవులకు ఊరికి పోయి వచ్చాక కుందమ్మకు గొంతు నొప్పి మొదలైంది. తరువాత జ్వరం. మెడకు రెండు పక్కలా బిళ్ళలు కట్టాయి. చెమటకు దుప్పటి తడిసి, దుప్పటి కిందున్న నేనూ తడిశాను. తబిత తన డబ్బా వెతికి మాత్రలు తీసింది. "పోయిన నెల గొంతు నొస్తే నాకిచ్చినారు, మిగిలినాయి. ఏసుకో మే, తగ్గిపోతాది" అంది. హాస్టల్లో మాత్రలూ పచ్చళ్ళూ అందరివీ. కుందమ్మ వేసుకుంది. రెండు మూడు రోజులకు వీపు, పొట్ట, చేతులు అంతా ఎర్రగా దద్దుర్లు లేచాయి.

గది ఊడ్వడానికి వచ్చిన ఆయా మాదక్క ఆ దద్దుర్లు చూసింది. చీపురు అక్కడే పడేసి చెంపలు వేసుకుంది. "అయ్యో తల్లీ! తట్టు పోసింది పాపకు. అమ్మవారొచ్చింది!"

ఇక చూడాలి ఆ హడావుడి. గుమ్మానికి వేపమండలు, నా కింద వేపమండలు, తలగడ చుట్టూ వేపమండలు. ఆ చేదు వాసనకు నాలో కాపురమున్న నల్లులు ఇల్లు ఖాళీ చేశాయి, అది ఒక్కటే నాకు లాభం. మెస్సులో తాలింపు లేని కూర, చల్లటి పెరుగన్నం. ఎదురు గది వాళ్ళు మూటాముల్లె సర్దుకుని పై అంతస్తుకు పోయారు. తబిత మాత్రం పోలేదు. "మాకు అమ్మవారు లేదులే అక్కా" అని మాదక్కతో అని తన మంచం మీదే కూర్చుంది. డాక్టరు దగ్గరికి పోదామంటే మాదక్క కళ్ళెర్రజేసింది. "అమ్మకు మందేస్తే కోపమొస్తాది. ఉన్న మాత్రలు గూడా పారెయ్" అంది. పారేశారు. దద్దుర్లు నెమ్మదిగా మాసిపోయాయి. పసుపూ వేపాకూ వేసిన నీళ్ళు పోసి, తల్లి చల్లబడిందని మాదక్క ప్రకటించింది. కబడ్డీ జట్టు పిల్లలు గుమ్మం దగ్గర చప్పట్లు కొట్టారు.

నీళ్ళు పోశాక మనిషికి రోగం లేనట్టే, అక్కడి లెక్క అది. కానీ కుందమ్మ లేవలేదు. లేస్తే కూర్చునేది, కూర్చుంటే పడుకునేది. పుస్తకం తెరిస్తే మొదటి పేజీ దాటేది కాదు, చదివిన వాక్యమే మళ్ళీ చదివేది. ఇంటర్నల్ పరీక్షకు పోయి సగం రాసి, బల్ల మీద తల వాల్చి నిద్రపోయిందట. "ఏం మే, అమ్మవారు పోయినా పరుపు వదల్లేదే, బాగా మరిగినావు" అని నవ్వారు. మనుషుల లెక్కలు నాకు వింతగా ఉంటాయి. కుర్చీలో రోజంతా కూర్చుంటే కష్టపడుతున్నాడంటారు, నా మీద పడుకుంటే బద్ధకమంటారు. కుందమ్మ బరువు నాకు తెలుసు. బద్ధకంతో పడుకున్న మనిషి అటూ ఇటూ దొర్లుతుంది, ఈమె పడ్డచోటే పడి ఉండేది. ఎడమ పక్కకు తిరిగితే "అబ్బా" అని మళ్ళీ వెల్లకిలా పడుకునేది.

చివరికి తబిత ఆటో పిలిచి, మాదక్కకు చెప్పకుండా, టౌన్లో ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. పరుపులను ఆటోలో ఎక్కించుకోరు కాబట్టి అక్కడ ఏం జరిగిందో నేను చూడలేదు. తిరిగి వచ్చాక వాళ్ళు పోట్లాడుకున్నదాన్ని బట్టి తెలుసుకున్నాను. రక్తం చూశారట, పొట్టకు స్కానింగ్ తీశారట. అది తట్టు కాదట, అమ్మవారూ కాదట. మెడలో గ్రంథులు వాచే జ్వరమట. ఎంగిలితో అంటుకుంటుందట, జట్టంతా ఒకే సీసా నీళ్ళు తాగితే ఇంకేమవుతుంది? ఆ జ్వరంలో తబిత ఇచ్చిన రకం మాత్రలు వేసుకుంటే చాలామందికి అలా ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయట. ఇది విని తబిత ఆటోలోనే ఏడ్చిందట. ఈ జబ్బుకు మందు విశ్రాంతి ఒక్కటే, నీరసం వారాల తరబడి ఉంటుందట.

అసలు సంగతి అది కాదు. కుందమ్మకు ఎడమ వైపు పక్కటెముకల కింద ప్లీహం వాచింది.

"దెబ్బ తగిలితే పగిలిపోతాది అనింది గదా డాక్టరమ్మ! మోకాలు తగిలినా సాలంట. లోపలే రక్తం కారి సచ్చిపోతారంట. నీకు ఇనపళ్ళేదా?"

"ఇనపడింది. పగలొచ్చు అనింది, పగుల్తాది అన్లేదు."

"కుందా!"

"ఒక్క టోర్నమెంటు మే. నన్నెవురు పట్టుకుంటారు? పట్టుకునేలోపల గీత దాటొస్తా." అంటూనే ఆడకూడదని డాక్టరు రాసిచ్చిన చీటీని నాలుగు ముక్కలు చేసింది. "ఎవురికన్నా చెప్పినావనుకో, నాకు నువ్వు సచ్చినదాంతో సమానం."

తబిత చెప్పింది. మర్నాడే గ్రౌండుకు పోయి కబడ్డీ నేర్పే పీడీ సారుకు అంతా వివరించింది. ఆయన చెడ్డవాడు కాదు, కుందమ్మను పిలిపించి అడిగాడు. కుందమ్మ ఆయన ముందే నాలుగు గుంజీలు తీసి నవ్విందట. "దీనికి బల్లిని సూసినా భయమే సార్" అందట. ఆయనా నవ్వి, "నీళ్ళు పోసినాక ఇంకేం రోగం పాపా? నువ్వు పోయి సదువుకో" అని తబితను పంపించేశాడు. కుందమ్మ గదికి వచ్చి నా మీద పడి, ఆ నాలుగు గుంజీలకే సాయంత్రం దాకా కళ్ళు తెరవలేదు. తబిత కుందమ్మ వాళ్ళమ్మకు ఫోను చేసింది. ఆమె కూతుర్ని అడిగింది. కూతురు బాగున్నానంది. అంతటితో అదీ అయిపోయింది.

పోటీలకు పోయే రోజు పొద్దున్నే వ్యాను వచ్చి హాస్టలు గేటు దగ్గర ఆగింది. కుందమ్మ మొహం కడుక్కోవడానికి పోయింది. తబిత బయటికి పోయి చేతినిండా ఏదో తెచ్చింది. కుర్చీ వేసుకుని గుమ్మానికి కట్టింది. కొన్ని నా తలవైపు దోపింది. వేపమండలు! ఆమె దేవుడితో ఏం చెప్పుకుందో పెదవులు మాత్రం కదులుతున్నాయి.

మాదక్క వచ్చి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. "ఇదేందమ్మా మళ్ళా?"

"వీపు మీద మళ్ళా ఎర్రగ లేసినాయక్కా. మనం సరిగ్గా సాగనంపలేదేమో."

మాదక్క కేక ఆ అంతస్తంతా వినిపించింది. కుందమ్మను పిలవడానికి వస్తున్న జట్టు పిల్లలు వరండాలో ఆగిపోయారు. కుందమ్మ బాత్రూము నుంచి పరుగున వచ్చింది. "అబద్ధం! సూడండి, ఏం లేవు, నా వీపు సూడండి!" అని అరిచింది. చూడటానికి ఎవరూ దగ్గరికి రాలేదు. ఆమె ఒక అడుగు వేస్తే వాళ్ళు రెండడుగులు వెనక్కి పోయారు. ఏ కబడ్డీ కోర్టులోనూ కుందమ్మను చూసి అంతమంది అంత తొందరగా తగ్గి ఉండరు. ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఆడే ఆట అది. అమ్మవారున్న పిల్ల చెయ్యి ఎవరు పట్టుకుంటారు? పీడీ సారు గేటు దగ్గరే నిలబడి, హాస్టలు వైపు తిరిగి దణ్ణం పెట్టి వ్యాను ఎక్కాడట. వ్యాను పోయింది.

కుందమ్మ తబితను కొట్టలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆమెకేసి ఒకసారి చూసి, గోడవైపు తిరిగి కూర్చుంది.

మధ్యలో నా బతుకు బజారున పడింది. రెండోసారి అమ్మవారు దిగిన పరుపును ఉంచకూడదని, కాల్చేయాలని మాదక్క పట్టుబట్టింది. కిటికీలోంచి నన్ను హాస్టలు వెనక్కి తోశారు. చెత్తకుప్ప పక్కనే పడ్డాను. కిరసనాయిలు తెచ్చేలోపు వాన పట్టుకుంది. తడిసిన పత్తి ఏం కాలుతుంది? అగ్గిపుల్లలు దండగయ్యాయి. తరువాత మాదక్క నన్ను మరిచిపోయింది. ఒక పిల్లి నాలో పిల్లల్ని పెట్టింది. మొదటిసారి ఒక కుటుంబానికి పనికొచ్చాను.

కిటికీ కిందే ఉన్నాను కాబట్టి గదిలో మాటలు వినిపించేవి. మాటలు అంటే తబితవే. కుందమ్మను తన పరుపు మీద పడుకోబెట్టి, తను ఉత్త ఇనప మంచం మీద చాప పరుచుకుంది. రోజూ క్లాసు నుంచి వచ్చి ఆ రోజు చెప్పిన పాఠమంతా పైకి చదివేది. ద్రవ్యోల్బణం, బ్యాంకు రేటు, లోటు బడ్జెట్, ఏదీ వదిలేది కాదు. "నా పాటికి నేను సదువుకుంటాండా" అని గోడకు చెప్పేది. రాని చోట కావాలని తప్పు చదివి ఆగేది. చాలాసేపటికి లోపలినుంచి కుందమ్మ గొంతు, "అది కాదు, తగ్గుతాది" అని ఒక్క ముక్క. ఆ ఒక్కో ముక్క మీదే సెమిస్టరు పరీక్షలు దాటాయి. కుందమ్మ పాసయింది, బొటాబొటిగా. జట్టు రెండో ఆటలోనే ఓడి వచ్చింది. సర్టిఫికెట్టు ఇక రాదు. కుందమ్మ ఆడి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. ఏమీ కాకపోయి ఉండొచ్చు కూడా.

సంక్రాంతి సెలవులు దగ్గరపడ్డ ఒక పగలు, కుందమ్మ గోడ పట్టుకుని నెమ్మదిగా హాస్టలు వెనక్కి నడిచి వచ్చింది. ఎండ కోసం కాబోలు. సన్నబడింది. నన్ను గుర్తుపట్టి, పిల్లిని అదిలించకుండా ఒక అంచున కూర్చుంది. కాసేపటికి తబిత వెతుక్కుంటూ వచ్చి దూరంగా నిలబడింది. దగ్గరికి రావడానికి ధైర్యం చాలలేదు.

"నేను ఆడింటే ఏమీ కాకపోయుండొచ్చు," అంది కుందమ్మ. అన్ని వారాల తరువాత ఆమె నోరు తెరిచి అన్న మొదటి పూర్తి వాక్యం అది.

"కాకపోయుండొచ్చు."

"నా సర్టిఫికెట్ పోయింది. మాయమ్మ ఆశ పోయింది. నీ వల్ల."

"నా వల్లే," అంది తబిత. "నువ్వు మాట్లాడవని తెలుసు. జీవితమంతా నన్ను తిట్టుకుంటావని తెలుసు. తిట్టు. తిట్టనీకె నువ్వుంటావు గదా, అంతే సాలనుకున్నా."

కుందమ్మ కొంచెం జరిగి చోటు ఇచ్చింది. తబిత వచ్చి పక్కన కూర్చుంది. అప్పుడు మొదలుపెట్టింది కుందమ్మ. దొంగముండ అంది, పిరికిగొడ్డు అంది, నమ్మకద్రోహి అంది, వాళ్ళ ఊరి తిట్లు ఒక్కొక్కటే తీసి, ఏడుస్తూ, ఊపిరి అందక ఆగి మళ్ళీ మొదలుపెట్టి తిట్టింది. తబిత ఆమె వీపు నిమురుతూ, ఒక్క తిట్టూ వదలకుండా విన్నది.