బొల్లి మెడలో నేను

నేను ఒక మెడపట్టీని. మందపాటి రబ్బరు ఒళ్ళు, దాని మధ్యలో సబ్బుపెట్టెంత డబ్బా. నేనెక్కడున్నానో ఉపగ్రహాల సాయంతో తెలుసుకుని దూరాన ఉన్నవాళ్ళకు చెప్పే యంత్రం ఆ డబ్బాలో ఉంటుంది. హైదరాబాదు శివారులో ఒక చిన్న కర్మాగారంలో పుట్టాను. నా తోడివాళ్ళు కొందరు పులుల మెడలకెక్కారు. నన్ను మాత్రం వకుళ అనే ఆమె ఒక ఆవు కోసం కొన్నది. మొదట్లో కాస్త చిన్నతనంగా అనిపించిన మాట నిజం.

వకుళ విశాఖపట్నంలో పరిశోధన చేసేది. ఆమె కంప్యూటరులో ఒక కొండ ఉండేది. పాడేరు పైన ఉసిరిగరువు అనే గూడెం ఉంది, దాన్ని ఆనుకుని ఉన్న కొండకు అది నకలు. అందులో చెట్లు, చెట్ల మధ్య మేత, ఎండా వానా పశువులూ అన్నీ ఉన్నాయి. ఒక మీట నొక్కితే ఎండలు ముదిరేవి, ఇంకోటి నొక్కితే వానలు వెనకబడేవి. పశువులను పెంచీ తగ్గించీ, యాభై ఏళ్ళ తరువాత ఆ కొండ ఎలా ఉంటుందో చూసేది. చిక్కల్లా ఆ ఆవులతోనే. కంప్యూటరులో అవి కొండంతా సమానంగా, ఎంతో క్రమశిక్షణగా మేసేవి. నిజం ఆవులు అలా మేస్తాయా? అది కనిపెట్టడమే నా ఉద్యోగం.

నన్ను కట్టించుకున్నది బొల్లి. ఎర్రావు, ముఖం మీద తెల్లమచ్చ. దాన్ని పెంచుతున్న పాంగి బుద్రమ్మ నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఏటి మేడంగోరూ, మా బొల్లికి నగ సేయించినారా?”

“నగే పెద్దమ్మా. ఇది ఎక్కడెక్కడ మేస్తోందో నాకు చెబుతుంది.”

“అదేదో నన్నడిగితే సెప్పనా?” అని నవ్వింది బుద్రమ్మ.

ఆ ఎండాకాలమే గూడెంలో తగువు మొదలైంది. కొండ మీద పాత చెట్లు పడిపోతున్నాయి, కొత్తవి లేవడం లేదు. వన కమిటీ పెద్ద గాసన్న కొండ మొత్తానికి కంచె వేసి, చెట్లు లేచేదాకా పశువులను ఆపేద్దామన్నాడు.

“చెట్టు లేకపోతే ఊట ఎండిపోద్ది. తాగడానికి నీల్లుండవు,” అన్నాడు.

“పసువుల్ని ఆపేస్తే మా సోళ్ళ సేనుకి పేడెక్కడిది? దున్నడానికి ఎడ్లెక్కడివి? మా బొల్లి గడ్డే తింటాది, మొక్క ముట్టదు,” అంది బుద్రమ్మ. సోళ్ళంటే అక్కడి వాళ్ళ మాటలో రాగులు.

చివరికి వకుళ లెక్క తేలేదాకా ఆగుదామనుకున్నారు. వకుళ మనసు మాత్రం లోలోపల గాసన్న వైపే ఉండేది.

ఇంతలో బొల్లి చెట్టుకు మెడ రుద్దుకోవడంతో నా బకిల్ విరిగింది. బుద్రమ్మ భర్త సోమ్రా నన్ను సంచిలో వేసుకుని, బాగు చేయిస్తానని సంతకు వెళ్ళే జీపెక్కాడు. విశాఖపట్నంలో కంప్యూటరు ముందు కూర్చున్న వకుళకు, ఘాటు రోడ్డు మీద జోరుగా దిగిపోతున్న ఆవు కనిపించింది. వెంటనే ఫోను చేసింది.

“పెద్దమ్మా, బొల్లిని ఎవరో బండెక్కించుకుపోతున్నారు!”

బుద్రమ్మ పరుగందుకుంది. పడుతూ లేస్తూ కొండెక్కింది. బొల్లి చెట్టునీడన పడుకుని నెమరేస్తోంది.

“నా బొల్లి ఇక్కడే ఉంది! మరి ఆ ఎల్లిపోతన్నదెవలు?”

వకుళ మళ్ళీ చూసింది. “సంత దాటింది పెద్దమ్మా. కోడిపందేలు జరిగే చింతతోపులో ఆగింది. ఇంకా అక్కడే ఉంది.”

సంచిలో పట్టీ వేసుకుని వెళ్ళిన మొగుడు బుద్రమ్మకు గుర్తొచ్చాడు. సాయంత్రం సోమ్రా ఇంటికొచ్చి, బకిల్ దొరకడానికే ఇంతసేపు పట్టిందన్నాడు. “నీ సంచిలో పట్టీ అంతా సెప్పేసింది!” అంది ఆమె. నాకు పాపమనిపించింది, కానీ అబద్ధం చెప్పే ఏర్పాటు నాలో లేదు.

తన పొరపాటుకు సిగ్గుపడుతూ మర్నాడు వకుళ స్వయంగా వచ్చింది. నన్ను గట్టిగా బిగించి, మొదటిసారి మంద వెనకాలే నడిచింది. బొల్లి ఎప్పుడూ పోని అవతలి వాలు చూద్దామని బుద్రమ్మతో కలిసి అటు మళ్ళింది. అక్కడ నీళ్ళు లేవు గనుక పశువులు రావు. గడ్డి మనిషెత్తు పెరిగి ఎండిపోయి ఉంది. ఒక పక్కన నిప్పంటుకుని, గడ్డితోపాటు లేతమొక్కలన్నీ మాడి బొగ్గయిపోయాయి. వకుళ వంగి, మాడిన మొక్కనొకదాన్ని చేతిలోకి తీసుకుంది. నిప్పు సంగతి ఆమె లెక్కలో లేదు.

తిరిగి వస్తూ, నేను ఎక్కువ కాలం గడిపిన ఊటగట్టుకు వచ్చారు. అక్కడ ఉసిరి మొక్కలు ఒక్కటీ జానెడుకు మించి లేవు. అన్నిటి చివర్లూ కొరికేసి ఉన్నాయి. బుద్రమ్మ వంగి చూసింది.

“ఓలమ్మో! ఇయ్యన్నీ నువ్వే తిన్నావేటే?”

బొల్లి అటు తిరిగి తోక ఊపింది.

వానలకు ముందు వకుళ నిప్పునూ, బొల్లి మేతదారులనూ లెక్కలో చేర్చి, బడి వరండాలో కంప్యూటరు పెట్టి, గూడెం వాళ్ళకు తమ కొండను చూపించింది. కంచె మొత్తం వేస్తే కొన్నేళ్ళు మొక్కలు బాగా లేచాయి. ఎండలు ముదిరిన ఏడాది కొండంతా ఎర్రగా అంటుకుంది.

“నా కంచెలో నిప్పెందుకెట్టినావమ్మా?” అన్నాడు గాసన్న.

“లోపల గడ్డి తినేవాళ్ళు లేరుగా గాసన్నా.”

కంచే లేకపోతే పాత చెట్లు పోయి, నీడ పోయి, ఆ వెనకే గడ్డీ పోయింది. సగం కొండ మూసి, మొక్కలు పశువుల నోటికి అందనంత పెరిగాక దాన్ని తెరిచి రెండో సగం మూస్తే మాత్రం చెట్లూ మేతా రెండూ మిగిలాయి.

“మా బొల్లి మొక్కలు తింటాది, ఒప్పుకుంటన్నాను. సగం ముయ్యండి,” అంది బుద్రమ్మ.

“ఇలాగే జరిగి తీరుతుందని నేననను,” అంది వకుళ. “కొండ వేరేలా చేస్తే మళ్ళీ లెక్క వేద్దాం.”

గాసన్న, సోమ్రా కలిసి వెదురు కంచె కట్టారు. ఒకరు కట్టిన ముడి ఇంకొకరికి నచ్చక ప్రతి ముడినీ రెండుసార్లు కట్టారు. అందుకే గట్టిగా ఉంది.

తరువాత నా బ్యాటరీ అయిపోయింది. పట్టీ ఇంకా గట్టిగానే ఉందని బుద్రమ్మ నన్ను బొల్లి మెడలోనే ఉంచేసింది. ఎవరికీ కబుర్లు చెప్పే పని లేకుండా, ఊరికే కొండ తిరుగుతున్నాను. ఈ ఏడు వానలు బాగా పడ్డాయి. మొన్న బొల్లి కంచె మీంచి మెడ చాచింది. అవతల లేత ఉసిరి మొక్కలు, ఇంకో రెండడుగులు ముందుకు వెళితే నోటికందేంత దగ్గర్లో ఉన్నాయి.

“ఇప్పుడు కాదే,” అంది వెనకనుంచి బుద్రమ్మ. “అయ్యి నీకన్నా పొడుగవ్వాల. అప్పుడెల్దాం.”

బొల్లి పెద్దగా ఊపిరి వదిలి వెనక్కి తిరిగింది. దానితోపాటు నేనూ తిరిగాను.